ఒకే సీజన్‌లో ముగ్గురు కోచ్‌లు

ఫుట్‌బాల్ ఇంకా ఇష్టమేనా అని ఎవరైనా అడిగితే ఇష్టమేనని చెబుతాను. కానీ ‘టీమ్ మేనేజ్‌మెంట్’ అన్న మాట చెవిన పడితే చాలు, ఇన్నేళ్ల తర్వాత కూడా నోట్లో చేదు ఊరుతుంది. ఆ చేదు ఎక్కడిదో చెప్పాలంటే డెబ్బైల తొలి సంవత్సరాల్లో జరిగిన ఒక లీగ్ సీజన్ గురించి చెప్పాలి.

అప్పట్లో నేను ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీ జట్టులో ఎడమవైపు బ్యాక్‌గా ఆడేవాణ్ణి. ఆ రోజుల్లో మా ఊళ్లో ఫుట్‌బాల్ ఆడి బతకాలంటే దారి అదొక్కటే. పేరుకు నేను ఫిట్టర్‌ని. పొద్దున షెడ్డులో మొహం చూపించి మైదానానికి వెళ్లిపోయేవాణ్ణి. జీతం పానా పట్టినందుకు కాదు, బంతి ఆపినందుకని నాకూ తెలుసు, ఫోర్‌మన్‌కూ తెలుసు. మా ఇల్లు కార్వాన్‌లో. మా బాపు ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి దుకాణంలో కాంటా పట్టేవాడు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన బట్టల ఘాటుకు ఇంటిల్లిపాదికీ తుమ్ములొచ్చేవి. కొడుక్కి సర్కారు నౌకరీ ఆటతో వచ్చిందంటే ఆయనకు మొదట నమ్మకం కుదరలేదు. తర్వాత దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఆయనే చెప్పుకునేవాడు.

మా కోచ్‌ని మేము ఉస్తాద్ అనేవాళ్లం. జహనుమాలో ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు బూట్లు లేకుండా ఆడిన తరం మనిషి. పొట్టిగా, నల్లగా, మోకాళ్ల దగ్గర కొంచెం వంగిన కాళ్లతో నడిచేవాడు. పాత సైకిల్ మీద వచ్చేవాడు. ఆయన నేర్పిన ఆటలో అన్నిటికంటే ముఖ్యమైంది నోరు. మైదానంలో మౌనంగా ఉన్నవాణ్ణి ఆయన క్షమించేవాడు కాదు. ‘పీఛే’ అంటే నీ వెనక మనిషున్నాడు. ‘మేరా’ అంటే బంతి నాది. ‘ఛోడ్’ అని గోల్‌కీపర్ అరిచాడంటే ముందున్న బ్యాక్ ఎవరైనా సరే, బంతి కాలి దగ్గరే ఉన్నా సరే, పక్కకు తప్పుకోవాల్సిందే.

“కాళ్లు ఎనక. ముందుగాల నోరు. నోరు లేనోడు నా టీమ్‌ల వద్దు,” అనేవాడు.

మా గోల్‌కీపర్ గొంతు ఆ పనికి పుట్టిన గొంతు. అతను క్రైస్తవుడు, ఫౌండ్రీలో మోల్డర్. ఆదివారం చర్చిలో పాడేవాడు. అతను “ఛోడ్” అంటే గ్యాలరీలో కూర్చున్నవాళ్లు కూడా తప్పుకుంటారని నవ్వుకునేవాళ్లం. నిజానికి ఆ అరుపు వింటే మాకు ప్రాణం నిమ్మళించేది. వెనక ఒకడున్నాడు, చూసుకుంటాడు అని.

ఆ ఏడాది సీజన్ మేము బాగానే మొదలుపెట్టాం. గొప్పగా కాదు. గెలుపులున్నాయి, డ్రాలున్నాయి, ఒక ఓటమి కూడా ఉంది. ఉస్తాద్ ఇద్దరు కొత్త ఫార్వర్డ్‌లను తయారుచేస్తున్నాడు. “వీళ్లు పండనీకె టైం పడుతది. లీగ్ ఆఖరున సూడుర్రి,” అనేవాడు. మేమూ అదే నమ్మాం.

అప్పుడే మా ఫ్యాక్టరీ పెద్దసాబ్ ఢిల్లీ నుంచి వచ్చిన అతిథులను వెంటబెట్టుకొని మ్యాచ్ చూడటానికి వచ్చాడు. ఆయన అంతకుముందు ఎన్నడూ రాలేదు. ఆ రోజు ఒక బ్యాంకు జట్టుతో ఆడుతున్నాం. చివరి నిమిషాల్లో మాకు గోల్ పడింది. ఓడిపోయాం. అతిథుల్లో ఒకాయన ఏదో అని నవ్వాడట. పెద్దసాబ్‌కు తల కొట్టేసినట్లయిందట. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి.

ఫ్యాక్టరీలో ఆటల వ్యవహారం చూసే ఆఫీసర్ ఒకడుండేవాడు. ఎప్పుడూ ఇస్త్రీ చెదరని బుష్‌షర్టు, జేబులో అత్తరు పూసిన రుమాలు. మైదానంలోకి వస్తే బూటుకు అంటిన మట్టిని ఆ రుమాలుతోనే తుడుచుకునేవాడు. అతనికి ఆట తెలియదు. అది తప్పేమీ కాదు. కానీ పైవాడి మొహం ఎటు తిరిగితే తన మొహం అటు తిప్పడం మాత్రం బాగా తెలుసు.

మర్నాడు పొద్దున మేము ప్రాక్టీసుకు వెళ్లేసరికి మైదానంలో కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, కళ్లద్దాలతో, మెడలో విజిల్‌తో. పక్కన ఆఫీసర్.

“ఇవాళ్టి నుంచి ఈయన మీ కోచ్. ట్రెయినింగ్ అయి సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి. సైంటిఫిక్‌గా నేర్పిస్తారు,” అన్నాడు ఆఫీసర్.

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అంతలో ఉస్తాద్ సైకిల్ దిగుతూ కనిపించాడు. ఎప్పట్లాగే హ్యాండిల్‌కు బంతుల జాలీ వేలాడుతోంది. ఆయనకు ఏమీ తెలియదు. కొత్త మనిషి మెడలో విజిల్ చూశాడు, ఆఫీసర్‌ని చూశాడు, మమ్మల్ని చూశాడు. అర్థమైపోయింది.

“మీరు కొంచెం రెస్ట్ తీసుకోండి మాస్టర్. వయసు కూడా అయింది,” అన్నాడు ఆఫీసర్, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

ఉస్తాద్ కోపం తెచ్చుకోలేదు. “నిన్ననే చెప్తె గింత దూరం సైకిల్ తొక్కకపోతుంటిని గద సార్,” అన్నాడు.

అంతే. జాలీ విప్పి బంతులు నేల మీద పెట్టాడు. కొత్త కోచ్‌కు చెయ్యి కలిపాడు. సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. ఆ మాటకు ఆఫీసర్ చిన్నగా నవ్వడం చూశాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లుంది. ఒక మనిషిని అన్నేళ్లు వాడుకొని, వెళ్లిపొమ్మని ఒకరోజు ముందు చెప్పే మర్యాద కూడా లేకపోగా, నవ్వడమా?

కొత్త కోచ్ చెడ్డవాడు కాదు. ఈ మాట మొదటే చెప్పాలి. గుంటూరు వైపు మనిషి. అందర్నీ ‘మీరు’ అని, ‘అండీ’ అని పిలిచేవాడు. “అలా కాదండీ, భుజం ఇటు తిప్పాలండీ,” అంటుంటే మావాళ్లు మొహం పక్కకు తిప్పి నవ్వుకునేవాళ్లు. ఆయన పుస్తకం చదువుకొని వచ్చాడు. ఆ పుస్తకంలో ఉన్నది బహుశా మంచిదే. కానీ లీగ్ సగంలో ఉన్న జట్టుకు అది అప్పజెబితే ఏమవుతుంది?

మొదటి మ్యాచ్ గెలిచాం, అదీ మూడు గోల్స్‌తో. ఆఫీసర్ జిలేబీలు తెప్పించాడు. “చూశారా, ఒక్క మార్పుతో ఎంత తేడానో!” అని పెద్దసాబ్‌కు ఫోన్ చేశాడు. నేను ఆ రోజు మైదానంలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. మేము గెలిచింది కొత్త ఆటతో కాదు, భయంతో. కొత్తవాడు ఎవర్ని ఉంచుతాడో ఎవర్ని తీస్తాడో తెలియక అందరం ప్రాణం పెట్టి పరుగెత్తాం. ఒక్కొక్కడూ తన చోటు కాపాడుకోవడానికి ఆడాడు. కింద పడ్డవాణ్ణి లేపినవాడు లేడు. అలాంటి ఆట ఒక మ్యాచ్‌కు పనికొస్తుంది, రెండో మ్యాచ్‌కు కాళ్లుండవు.

తర్వాత వరసగా ఓడాం. కొత్త కోచ్ మైదానంలో అరుపులు వద్దన్నాడు. “మీరు ఏం చేస్తున్నారో ఎదుటివాడికి మీరే చెప్తున్నారండీ. పొజిషన్‌తో ఆడాలి, గొంతుతో కాదు.” బ్యాక్‌లు గోల్‌కీపర్ కోసం ఆగకూడదు, బంతి దగ్గరికి రాగానే బయటికి తన్నేయాలి అన్నాడు. ఉస్తాద్ నేర్పింది దానికి సరిగ్గా తలకిందులు. తల ఒకటి చెబితే కాలు ఇంకొకటి చేసేది. కొందరు పాత పద్ధతిలో, కొందరు కొత్త పద్ధతిలో, ఇంకొందరు ఆ క్షణాన ఏది గుర్తొస్తే అది ఆడేవాళ్లం.

మా కెప్టెన్ మాత్రం ఒక్కరోజులో మారిపోయాడు. సెంటర్ బ్యాక్ అతను. ఉస్తాద్ చేతుల్లో పెరిగినవాడు, ఆయన ఇంట్లో తిన్నవాడు. కొత్త కోచ్ వచ్చిన వారం తిరక్కుండానే “ఆ ముసలాయనది పాత జమానా ఆట,” అనడం మొదలుపెట్టాడు, అదీ ఆఫీసర్‌కు వినబడేలా. అతనికి చార్జ్‌హ్యాండ్ ప్రమోషన్ రావాల్సి ఉందని అందరికీ తెలుసు. గోల్‌కీపర్ ఒకసారి మొహం మీదే అడిగాడు: “ఏందన్నా, మొన్నటిదాంక ఉస్తాద్ అన్న నోరేనా ఇది?” కెప్టెన్ తువ్వాలు భుజాన వేసుకొని అక్కణ్ణుంచి వెళ్లిపోయాడు.

ఉస్తాద్ మ్యాచ్‌లకు రావడం మానలేదు. అందరితోపాటు టికెట్ కొనుక్కొని గ్యాలరీలో ఒక మూల కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. కానీ మేము తప్పు చేసినప్పుడల్లా గ్యాలరీలో జనం ఆయన వైపు తిరిగి “ఉస్తాద్! ఉస్తాద్!” అని అరిచేవాళ్లు. ఆఫీసర్ మొహం మాడిపోయేది.

తర్వాతి మ్యాచ్‌కు మేము గేటు దగ్గర దిగేసరికి అక్కడ గొడవ జరుగుతోంది. గేటు మనిషి ఉస్తాద్‌ను లోపలికి పోనివ్వడం లేదు. ఉస్మాన్‌గంజ్ సేఠ్ ఒకాయన, మా బాపు పనిచేసే దుకాణం యజమానే, గేటు మనిషి మీద విరుచుకుపడుతున్నాడు. దుకాణం తొందరగా కట్టేసి ప్రతి మ్యాచ్‌కు వచ్చే మనిషి ఆయన.

“టికెట్ కొన్నంక ఆపనీకె నువ్వెవర్రా?”

“నాకేం తెలుసు సేఠ్? ఆఫీసర్ సాబ్ చెప్పిండు. ఈయన లోపలికి పోతే నా నౌకరీ పోతది.”

ఉస్తాద్ సేఠ్ భుజం మీద చెయ్యి వేశాడు. “జానేదో సేఠ్. లొల్లి వద్దు. పోరగాండ్లు ఆడేటోళ్లు, ఆల్ల దిల్ ఖరాబ్ అయితది.”

మమ్మల్ని చూసి తల ఊపాడు. నిన్ననే కలిసినట్లు, ఏమీ జరగనట్లు. నేను దగ్గరికి పోయి ఏదో అనబోయాను. “పో బేటా, లోపలికి పో. మోకాలు గరం చేస్కో,” అన్నాడు. కెప్టెన్ ఒక అడుగు అవతల వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. అది కట్టే ఉంది. గోల్‌కీపర్ ఆ లేసు వంక చూసి నేల మీద ఉమ్మేశాడు.

ఆ రోజు మ్యాచ్‌లోనే అది జరిగింది. రెండో సగంలో ఎదుటి జట్టువాడు మధ్యలోంచి ఎత్తుగా బంతి వేశాడు. అది మా కెప్టెన్ ముందు పడి ఎగిరింది. గోల్‌కీపర్ ముందుకొచ్చేశాడు. ఇన్నాళ్లు ఆపుకున్న గొంతు ఒక్కసారి బయటికొచ్చింది: “ఛోడ్!”

నేను పక్కనే ఉన్నాను. నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. కెప్టెన్ కూడా ఒక్క క్షణం ఆగాడు. ఆగి, మళ్లీ తన్నాడు. అతని బూటు బంతికి కాదు, బంతి మీద పడిన గోల్‌కీపర్ చేతికి తగిలింది. కట్టె విరిగిన చప్పుడు వినిపించింది. బంతి మెల్లగా దొర్లుకుంటూ వెళ్లి గోల్ గీత దాటింది. ఎదుటి జట్టువాళ్లు కూడా సంబరం చేసుకోలేదు.

మణికట్టు దగ్గర చెయ్యి వంకరగా వేలాడుతోంది. గోల్‌కీపర్ అరవలేదు. పెదవి కొరుక్కుంటూ, “చెప్పిన గదన్నా... ఛోడ్ అన్న గద,” అంటున్నాడు. కెప్టెన్ తెల్లబోయి నిలబడ్డాడు. “ఆగాల్నా తన్నాల్నా తెలువలే. ఖసం, తెలువలే,” అన్నాడు. అతను అబద్ధమాడలేదని నాకు తెలుసు. అందుకే మరీ రోత పుట్టింది. ఎవడో గదిలో కూర్చొని కోచ్‌ని మారుస్తాడు. ఇక్కడ మైదానంలో ఒకడి చెయ్యి విరుగుతుంది.

కొత్త కోచ్ బెంచీ మీంచి పరుగెత్తుకొచ్చి, తన చొక్కా విప్పి చేతికి జోలె కట్టాడు. రిక్షా పిలిచి తనే ఎక్కించుకొని, బనీను మీదే ఉస్మానియా ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను నీళ్ల కోసం పెవిలియన్ మెట్ల దగ్గరికి వెళ్లాను. అక్కడ ఆఫీసర్ సమోసా తింటూ పక్కవాడితో అంటున్నాడు: “రెండో గోల్‌కీపర్ ఉన్నాడుగా. వాణ్ణి దింపమనండి.” పెదవి చివర అంటిన సమోసా ముక్క అలాగే ఉంది. రుమాలు తీసి తుడుచుకున్నాడు. నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చేశాను.

అదే వారం కొత్త కోచ్‌ని కూడా తీసేశారు. జట్టులో క్రమశిక్షణ కుదర్చలేకపోయాడని కారణం. ఆయన వెళ్లే రోజు ఫ్యాక్టరీ క్వార్టర్ల బయట హోల్డాల్ పక్కన బస్సు కోసం నిలబడి ఉంటే నేను కలిశాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

“మీ అందరి పేర్లు నోటికి రావడానికే నాకు నెల పట్టిందండీ. ఎవరు ఏ కాలితో ఆడతారో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. సీజన్ మొదట్లో పిలిచి ఉంటే ఎలా ఉండేదో ఏమో. మధ్యలో వచ్చినవాడు పాతవాడి ఇల్లు పడగొట్టగలడు గానీ కొత్తది కట్టలేడు. ఒప్పుకోకుండా ఉండాల్సింది నేను.” ఆగి అడిగాడు: “ఆయన చెయ్యి ఎలా ఉందండీ?”

ఎముక సరిగా అతుక్కోదేమోనని డాక్టర్లు అంటున్నారని చెప్పాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన్ని సాగనంపడానికి నేను తప్ప ఎవరూ రాలేదు.

ఇక మిగిలిన మ్యాచ్‌లు కొన్నే. కింది డివిజన్‌కు పడిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు ఆఫీసర్‌కు ఉస్తాద్ గుర్తొచ్చాడు. తను వెళ్లలేదు. కెప్టెన్‌నూ నన్నూ పంపాడు. జహనుమాలో ఆయన ఇంటి ముందు గదిలో చాప మీద కూర్చున్నాం. ఉస్తాద్ చాయ్ తెప్పించాడు. ముందు గోల్‌కీపర్ చెయ్యి గురించి అడిగాడు. ఏ డాక్టర్ చూస్తున్నాడు, వేళ్లు కదులుతున్నాయా, పిల్లలకు ఇంట్లో ఏమన్నా ఉందా అని. తర్వాత కెప్టెన్ వచ్చిన పని చెప్పాడు.

ఉస్తాద్ చాయ్ కప్పు చాప మీద పెట్టాడు. “నేనొచ్చి ఏం జెయ్యాలె బేటా?” అన్నాడు. “మీ మెడలు నేను ఒక దిక్కు దిప్పిన. గాయన ఇంకో దిక్కు దిప్పిండు. ఇప్పుడు మల్ల నేను దిప్పితే మెడలు ఇరుగుతయ్. పాపం, ఆయన తప్పు గూడ కాదు.”

“తప్పు మాది ఉస్తాద్,” అన్నాడు కెప్టెన్.

“చాయ్ తాగు. సల్లగైతది.”

అంతకుమించి ఆయన అతన్ని ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేదని దారిలో కెప్టెన్ నాతో అన్నాడు. నాకు అతనితో మాట్లాడబుద్ధి కాలేదు.

మూడో కోచ్ ఎవరనుకున్నారు? ఆఫీసరే. “ఇన్నాళ్లు దగ్గరుండి చూశాను, ఇందులో అంత తెలియనిది ఏముంది?” అన్నాడు. విజిల్ మెడలో వేసుకున్నాడు. ప్రాక్టీసు మానేసి మాకు ఉపన్యాసాలు ఇచ్చాడు. గోల్‌పోస్టుల కింద నిమ్మకాయలు పాతించాడు. మ్యాచ్ జరుగుతుంటే గీత పక్కన అటూ ఇటూ నడుస్తూ “కొట్టండ్రా, కొట్టండి!” అని కేకలు వేశాడు. బంతి ఎదుటివాళ్ల దగ్గరున్నా అదే కేక. ఉస్తాద్ తయారుచేస్తున్న ఆ ఇద్దరు ఫార్వర్డ్‌లు అప్పటికే బిక్కచచ్చిపోయి, బంతి వస్తే పాము వచ్చినట్లు బెదిరేవాళ్లు. గ్యాలరీ సగం ఖాళీ. సేఠ్ కూడా రావడం మానేశాడు. ఆఖరి మ్యాచ్ ఓడాం. కింది డివిజన్‌కు పడ్డాం.

ఆఫీసర్ పైకి ఏం చెప్పుకున్నాడో గానీ తప్పంతా ఆటగాళ్ల నెత్తిన పడింది. మమ్మల్ని షిఫ్టుల్లో వేశారు. గోల్‌కీపర్‌ను మళ్లీ ఫౌండ్రీకే పంపారు. మణికట్టు తిరగని చేత్తో అచ్చులు ఎత్తలేక అతను పడ్డ అవస్థ నేను చూశాను. కెప్టెన్‌కు ప్రమోషన్ వచ్చింది. ఆఫీసర్‌కూ వచ్చింది, వేరే ఊరికి, ఇంకా పెద్ద కుర్చీకి.

అతను వెళ్లేముందు క్యాంటీన్‌లో సన్మానం పెట్టారు. మేమందరం రావాలని నోటీసు. దండలు, శాలువా, లడ్డూలు. క్రీడలకు ఆయన చేసిన సేవ గురించి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. నా పక్కన గోల్‌కీపర్ కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

“సార్, ఒక్క మాట అడుగుత. మా ఉస్తాద్‌ని ఎందుకు తీసేసిన్రు?”

ఆఫీసర్ శాలువా సర్దుకున్నాడు. కాసేపు ఆలోచించాడు. అతను దాచడానికి ప్రయత్నిస్తున్నాడని మొదట అనుకున్నాను. కాదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు.

“అప్పుడేదో మ్యాచ్ పోయింది కదా,” అన్నాడు.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మిగతావాళ్లు అందుకున్నారు. గోల్‌కీపర్ బయటికి నడిచాడు. నేనూ అతని వెంట వెళ్లాను. అతను ఫౌండ్రీ వైపు తిరిగాడు, షిఫ్టు ఉందని. నేను సైకిల్ తీసుకొని నయాపూల్ మీదుగా ఇంటికి వచ్చేశాను.

మరుసటి ఏడాది సెలెక్షన్లకు రమ్మని కబురొచ్చింది. కొత్త ఆఫీసర్ వచ్చాడట, కొత్త కోచ్ వస్తాడట. నేను వెళ్లలేదు. ఆ మాట ఎవరు చెప్పారో, బాపు చెవిన పడింది. అన్నం తింటూ అడిగాడు.

“ఆట ఇడిసిపెట్టినవట?”

“ఇడిసిన బాపు.”

“నౌకరీ?”

“అది ఉన్నది.”

బాపు నా మొహం వంక కాసేపు చూశాడు. చారు ఇటు జరపమన్నాడు.